మబ్బు చాటు కబురు



2014 అక్టోబరు 12, ఆదివారం. హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నం దగ్గర తీరం దాటిన రోజు. ఆ రోజు ఏం జరిగిందో ఉత్తరాంధ్ర వాళ్లకు ఎవరూ గుర్తు చేయక్కర్లేదు. నేను చెప్పబోయేది దానికి నాలుగు రోజుల ముందు సంగతి. 8వ తేదీన ఆ తుఫాను అండమాన్ దీవులు దాటింది. అక్కణ్నుంచి విశాఖ దాకా నీళ్లే నీళ్లు. తీరంలో ఉన్న రాడార్ అంత దూరం చూడలేదు. రోజుకు రెండు పూటలా విశాఖలో, మచిలీపట్నంలో, హైదరాబాదులో వాతావరణ శాఖ వాళ్లు బెలూన్ ఎగరేస్తారు. దానికి ఒక చిన్న పెట్టె కట్టి ఉంటుంది. పైకి వెళ్తూ వెళ్తూ అది గాలిలోని వేడి, తేమ ఎంతో రేడియోలో చెబుతుంది. బావుంది. కానీ బంగాళాఖాతం నడిమధ్యలో బెలూన్ ఎవరు ఎగరేస్తారు? అక్కడి గాలి సంగతి మనకు ఎవరు చెబుతారు?

ఉపగ్రహం ఫొటో తీస్తుంది కదా అంటారు మీరు. నిజమే, తీస్తుంది. టీవీలో చూపించే తెల్లటి సుడి ఆ ఫొటోయే. కానీ అందులో కనిపించేది మబ్బు పైకప్పు. ఇంటి పైకప్పు చూసి లోపల ఎంతమంది ఉన్నారో చెప్పలేం. ఆ కప్పు కింద గాలి ఎంత వేడిగా ఉంది, ఎంత తేమ ఉంది, అసలు సంగతి అది. ఆ సంగతి చెప్పే సాధనం వేరే ఉంది. దాని పేరు మైక్రోవేవ్ రేడియోమీటర్. అది ఫొటో తీయదు. మబ్బు చాటు నుంచి వచ్చే కబురు వింటుంది. ఆ కబురు వాతావరణ అంచనాను ఎలా సరిదిద్దుతుందో, ఇవాళ ఆ ఒక్క విషయమే మాట్లాడుకుందాం.

మైక్రోవేవ్ అనగానే వంటింట్లో ఓవెన్ గుర్తొస్తుంది. జాతి ఒకటే. తేడా ఏమిటంటే, ఓవెన్ ఆ తరంగాలను పుట్టిస్తుంది. ఈ సాధనం ఏమీ పుట్టించదు, ఏమీ పంపదు. ఊరికే వింటుంది. ఏం వింటుంది? వేడి ఉన్న ప్రతి వస్తువూ ఎంతో కొంత తరంగాలను వదులుతూనే ఉంటుంది. మీరూ వదులుతున్నారు. ఎదురుగా ఉన్న గోడా వదులుతోంది. గాలి కూడా వదులుతోంది. గాలిలో ఉన్న ఆక్సిజన్ 50 నుంచి 60 గిగాహెర్ట్జ్ మధ్య బలంగా పలుకుతుంది. ఆక్సిజన్ పాలు గాలిలో ఎక్కడైనా దాదాపు ఒకటే, 21 శాతం. కాబట్టి ఆ పలుకు ఎక్కువగా వినిపిస్తే ఆక్సిజన్ ఎక్కువ ఉందని కాదు, గాలి వేడిగా ఉందని అర్థం. నీటి ఆవిరి పలికే చోటు వేరు. అది 183 గిగాహెర్ట్జ్ దగ్గర గట్టిగా పలుకుతుంది. ఆక్సిజన్ దగ్గర వింటే వేడి తెలుస్తుంది. ఆవిరి దగ్గర వింటే తేమ తెలుస్తుంది.

ఇంకో విశేషం ఉంది. ఆక్సిజన్ బాగా గట్టిగా పలికే ఫ్రీక్వెన్సీలో వింటే బాగా ఎత్తున ఉన్న గాలి మాటే వినిపిస్తుంది. కింది గాలి మాటను పై గాలి మింగేస్తుంది. కాస్త పక్కకు జరిగి వింటే ఇంకొంచెం కింది గాలి వినిపిస్తుంది. ఇంకా జరిగితే ఇంకా కింద. అలా ఫ్రీక్వెన్సీ మారుస్తూ పోతే కింది నుంచి పైదాకా ఏ ఎత్తులో ఎంత వేడో తెలుస్తుంది. అమెరికా వాళ్లు 1998లో పంపిన నోవా-15 ఉపగ్రహంలోని మైక్రోవేవ్ సాధనంలో 15 ఛానళ్లు ఉండేవి, ఎక్కువ ఇలాంటివే. ఆ సాధనం 8 సెకన్లకోసారి తన చూపును ఈ వైపు నుంచి ఆ వైపుకు తిప్పేది. భూమిని చూశాక ప్రతిసారీ రెండు చోట్ల ఆగేది. ఒకసారి నల్లటి అంతరిక్షం వైపు చూసేది. అక్కడి చలి మనకు తెలుసు, దాదాపు మైనస్ 270 డిగ్రీలు. ఇంకోసారి తన లోపలే ఉన్న ఒక వెచ్చటి దిమ్మను చూసేది. దాని వేడి కూడా తెలుసు. ఈ రెంటితో తన కొలతను తానే సరిచూసుకునేది. ప్రతి 8 సెకన్లకూ! ఇంత జాగ్రత్త ఎందుకో కాసేపట్లో చెబుతాను.

మరి మబ్బు అడ్డం రాదా? మామూలు మబ్బులో నీటి చుక్క మిల్లీమీటరులో కొద్ది నూరో వంతుల కంటే పెద్దగా ఉండదు. ఆక్సిజన్ పలికే తరంగం పొడవు అయిదారు మిల్లీమీటర్లు. అంత చిన్న చుక్క ఇంత పొడవు తరంగాన్ని ఆపలేదు. ఇన్‌ఫ్రారెడ్‌కు మబ్బు గోడలా అడ్డొస్తుంది. మైక్రోవేవ్‌కు మామూలు మబ్బు పల్చటి తెర. జోరు వానైతే వేరే సంగతి. వానచుక్కలు, మంచుగడ్డలు ఈ తరంగాలను చెదరగొడతాయి. ఆ చెదరడం కూడా ఒక కబురే.

తుఫానుకు ఇది ఎందుకు ముఖ్యమో చూడండి. తుఫాను నడిబొడ్డున, పది కిలోమీటర్లకు పైన, గాలి చుట్టుపక్కల కంటే కొన్ని డిగ్రీలు వెచ్చగా ఉంటుంది. ఆ వెచ్చదనం ఎంత ఎక్కువైతే తుఫాను అంత బలంగా ఉన్నట్టు. పైన ఎంత మబ్బు కప్పి ఉన్నా సరే, మైక్రోవేవ్ సాధనానికి ఆ వెచ్చటి గుండె దొరికిపోతుంది.

సరే, కబురు వచ్చింది. దాంతో ఏం చేస్తారు? ఇక్కడే అసలు కథ.

వాతావరణ అంచనా కంప్యూటరు మోడల్ ఇస్తుంది. మోడల్ అంటే భూమి మీది గాలినంతా గళ్లుగళ్లుగా కోసి, ఒక్కో గడికి వేడి, తేమ, పీడనం, గాలి వేగం రాసుకుని, భౌతికశాస్త్ర సూత్రాలతో ముందుకు లెక్కవేసుకుంటూ పోయేది. 2025 మేలో మన దేశం మొదలుపెట్టిన భారత్ ఫోర్‌కాస్ట్ సిస్టమ్‌లో ఒక్కో గడి 6 కిలోమీటర్లు. సూత్రాలు బాగానే ఉన్నాయి. కంప్యూటర్లూ పెద్దవే. కానీ మొదటి గళ్లలో రాసుకున్న అంకెలు తప్పైతే, అయిదు రోజుల తర్వాతి అంకెలు ఇంకా తప్పవుతాయి. ఇవాళ్టి గాలి తెలియకుండా రేపటి గాలి తెలియదు. ఈ మాట మళ్లీ చెబుతున్నాను. ఇవాళ్టి గాలి సరిగ్గా తెలియకుండా రేపటి గాలి తెలియదు.

దీన్ని ఒక పల్లెవెలుగు బస్సుతో చెప్పుకుందాం. మీరు అంబాజీపేటలో నిలబడ్డారు. రాజమహేంద్రవరం నుంచి బస్సు రావాలి. టైము ప్రకారం నాలుగింటికి రావాలని మీకు తెలుసు. అది మీ మోడల్. ఇంతలో రావులపాలెం నుంచి మీ మేనమామ ఫోను చేశాడు. "అల్లుడూ, బస్సు ఇప్పుడే ఇక్కడ దాటింది" అన్నాడు. అది పరిశీలన, ఉపగ్రహం కబురు లాంటిది. ఇప్పుడు మీరేం చేస్తారు? టైము పట్టికను చించి పారేయరు. మామయ్య మాటను కొట్టిపారేయరు. టైము ప్రకారం రావులపాలెంలో ఎప్పుడు దాటాలి, మామయ్య ఎప్పుడు దాటిందన్నాడు, ఈ రెంటి తేడా చూస్తారు. టైముకు నడిచే బస్సా కాదా, మామయ్య మాట నికరమా కాదా, అది చూసుకుని మధ్యలో ఒక అంచనాకు వస్తారు. వాతావరణ కేంద్రాలు చేసేది అదే. దాన్ని డేటా అసిమిలేషన్ అంటారు. కొన్ని గంటల క్రితం మోడల్ వేసిన అంచనా ఒక చేతిలో, కొత్తగా వచ్చిన కొలతలు ఇంకో చేతిలో. రెండూ కొంచెం కొంచెం తప్పే. ఏది ఎంత తప్పో తెలిస్తే, రెంటినీ కలిపి రెంటికంటే మంచి అంచనా తయారవుతుంది.

మామయ్యను ఏం అడగాలి అన్నది కూడా పెద్ద విషయమే. "మామా, బస్సు మా ఊరికి ఎప్పుడొస్తుంది?" అని అడిగారనుకోండి. ఆయన తన లెక్క ఏదో వేసి చెబుతాడు. ఆ లెక్కలో ఆయన తప్పులు కలుస్తాయి. "నీకు ఏం కనిపించింది, ఎప్పుడు కనిపించింది, అదొక్కటే చెప్పు" అంటే మిగతా లెక్క మీరే వేసుకోవచ్చు. 1990ల దాకా వాతావరణ కేంద్రాలు మొదటి తప్పే చేశాయి. ఉపగ్రహం విన్న పలుకును ముందే వేడి, తేమల పట్టికగా మార్చి, బెలూన్ చెప్పినట్టే మోడల్‌కు అందించేవి. ఆ మార్చడంలో వచ్చిన తప్పులు మోడల్‌లోకి ఎక్కేవి. కొన్నిచోట్ల ఉపగ్రహం డేటా కలిపితే అంచనా మెరుగవడం మాట అటుంచి చెడిపోయేది కూడా. 1995 అక్టోబరులో అమెరికా కేంద్రం, 1996 జనవరిలో యూరప్ కేంద్రం పద్ధతి మార్చాయి. మోడల్‌నే అడగడం మొదలుపెట్టాయి. "నీ గళ్లలో రాసిన గాలే నిజమైతే, ఈ ఉపగ్రహానికి ఈ ఛానల్లో ఎంత వినిపించాలి?" మోడల్ ఒక అంకె చెబుతుంది. ఉపగ్రహానికి నిజంగా వినిపించిన అంకె పక్కన పెడతారు. తేడా ఎంత ఉంటే గళ్లను అంత సరిదిద్దుతారు. వినడానికి చిన్న మార్పే. నా మటుకు నాకు, ఈ రంగంలో జరిగిన పెద్ద మేలు ఏదంటే కొత్త ఉపగ్రహం కంటే ఈ ప్రశ్న మార్చడమే అంటాను.

ఇంకొక అడుగు ముందుకు వేద్దాం. రావులపాలెం నుంచి మామయ్య ఫోను చేశాడు. కాసేపటికి కొత్తపేట నుంచి బావ చేశాడు. రెండు ఫోన్ల మధ్య ఎంతసేపు పట్టిందో చూస్తే డ్రైవరు ఎంత జోరుగా తోలుతున్నాడో మీకు తెలిసిపోతుంది. వేగం ఎంతని ఎవరూ చెప్పలేదు. అయినా తెలిసింది. 1997 నవంబరు నుంచి యూరప్ కేంద్రం వాడుతున్న పద్ధతి ఇలాంటిదే. ఒక్క క్షణం కొలతలతో సరిపెట్టుకోకుండా కొన్ని గంటల కొలతలను వరసగా పెట్టి చూస్తుంది. ఉపగ్రహం తేమ చెబుతుంది. ఆ తేమ ఈ గంటలో ఇక్కడ, వచ్చే గంటలో అక్కడ కనిపిస్తే, దాన్ని మోసుకెళ్లిన గాలి ఎటు వీచిందో మోడల్ పట్టేస్తుంది. తేమ కబురు విని గాలిని సరిదిద్దుకుంటుంది. తుఫాను దారి చెప్పేది ఆ గాలే కదా.

మన శ్రీహరికోటకు ఈ కథలో మంచి చోటే ఉంది. అసలు 1979లోనే, సోవియట్ యూనియన్ నుంచి పైకి వెళ్లిన మన భాస్కర-1 ఉపగ్రహంలో సమీర్ అనే మైక్రోవేవ్ రేడియోమీటర్ పెట్టారు. ఆ తర్వాత 1999లో ఓషన్‌శాట్-1 మీద ఇంకొకటి. 2011 అక్టోబరు 12న శ్రీహరికోట నుంచి మేఘా-ట్రాపిక్స్ వెళ్లింది. హుద్‌హుద్ తీరం దాటడానికి సరిగ్గా మూడేళ్ల ముందు, అదే తేదీన. ఇస్రో, ఫ్రాన్స్ అంతరిక్ష సంస్థ కలిసి చేసిన ఉపగ్రహం అది. మామూలుగా ఇలాంటి ఉపగ్రహాలు ధ్రువాల మీదుగా తిరుగుతాయి. ఒక్కోటి మన మీదికి రోజుకు రెండుసార్లు వస్తుంది. మధ్యలో ఏం జరిగిందో దానికి తెలియదు. ఉష్ణమండలంలో మబ్బులు పొద్దున పుట్టి సాయంత్రానికి కురిసి పోతాయి. అందుకని మేఘా-ట్రాపిక్స్‌ను భూమధ్యరేఖకు కేవలం 20 డిగ్రీల వాలులో తిప్పారు. దాంతో మనలాంటి చోట్ల మీదికి అది రోజుకు చాలాసార్లు వచ్చేది. అందులో సఫీర్ అనే సాధనం 183 గిగాహెర్ట్జ్ దగ్గర ఆరు ఛానళ్లలో తేమను వినేది. మద్రాస్ అనే ఇంకో సాధనం వాన కోసం పెట్టారు. పాపం, దాని తిరిగే యంత్రం చెడి 2013 జనవరిలో పని మానేసింది. సఫీర్ మాత్రం అనుకున్న దానికంటే ఎక్కువ ఏళ్లు నడిచింది. నోయిడాలోని మన జాతీయ వాతావరణ అంచనా కేంద్రం దాని కబుర్లు మోడల్‌లోకి ఎక్కించుకుంది. ఫ్రాన్స్ వాళ్లూ, యూరప్ కేంద్రం వాళ్లూ కూడా ఎక్కించుకున్నారు. చివరికి 2023 మార్చి 7న ఆ ఉపగ్రహాన్ని మన వాళ్లే జాగ్రత్తగా కిందికి దించి పసిఫిక్ మహాసముద్రం మీద కాల్చేశారు.

ఉపగ్రహాల వల్ల అంచనాలు నిజంగా మెరుగయ్యాయా అని అడిగే శ్రోతలు ఉంటారు. ఉండాలి కూడా. దానికి ఒక గట్టి సాక్ష్యం ఉంది. భూమి దక్షిణార్ధంలో ఎక్కువ భాగం సముద్రం. బెలూన్లు తక్కువ. అందుకని ఒకప్పుడు అక్కడి అంచనాలు ఉత్తరార్ధం కంటే బాగా వెనకబడి ఉండేవి. ఉపగ్రహాల డేటాను సరిగ్గా వాడడం నేర్చుకున్నాక, 2000 ప్రాంతానికి, ఆ తేడా చాలావరకు చెరిగిపోయింది. అక్కడ కొత్తగా నేల పుట్టలేదు. బెలూన్లు పెరగలేదు. పెరిగింది పైనుంచి వచ్చే కబురే.

ఇందాక జాగ్రత్త గురించి ఒక మాట అన్నాను. దాని దగ్గరికి వద్దాం. మీ మామయ్య గడియారం పది నిమిషాలు ముందుంటుంది అనుకోండి. అది మీకు తెలిస్తే ఇబ్బంది లేదు. ఆయన చెప్పిన టైములో పది నిమిషాలు తీసేస్తారు. తెలియకపోతేనే బస్సు తప్పిపోతుంది. ఉపగ్రహ సాధనాలకూ ఇలాంటి వాటం ఉంటుంది. ఇప్పుడు మోడళ్లు ఎంత బాగుపడ్డాయంటే, చాలా ఛానళ్లలో మోడల్ అనుకున్న వేడికీ, ఉపగ్రహం విన్న వేడికీ తేడా ఒక్క డిగ్రీ కూడా ఉండదు. డిగ్రీలో కొద్ది పదో వంతులే. ఆ చిన్న తేడాలోనే సరుకు ఉంది. అలాంటప్పుడు సాధనం అర డిగ్రీ అటూ ఇటూ చెప్పిందంటే మంచి అంచనాను పాడుచేస్తుంది. అందుకే కేంద్రాలు ఏ ఉపగ్రహంలో ఏ ఛానల్ ఎంత తప్పు చెబుతోందో రోజూ లెక్కగట్టి తీసేస్తాయి. బెలూన్ కొలతలు ఇక్కడ మళ్లీ పనికొస్తాయి. అవి ఆ లెక్కకు ఆధారం. ఉపగ్రహాలు ఉన్నాయి కదా, బెలూన్లు ఎందుకు అనే వాళ్లకు ఇదే జవాబు.

రేపటి వానకు ఇది సరిపోతుంది. కానీ ముప్పై నలభై ఏళ్లలో భూమి ఎంత వేడెక్కిందో చెప్పాలంటే వ్యవహారం ఇంకా కష్టం. గడియారం పది నిమిషాలు ముందుండడం వేరు, ఏడాదికో నిమిషం చొప్పున వెనకబడుతూ పోవడం వేరు. అలాంటి గడియారాన్ని నమ్మితే ఇరవై ఏళ్ల తర్వాత బస్సులన్నీ ముందుగా వస్తున్నాయని అనుకుంటాం. నిజంగా ఇలాంటిదే జరిగింది. 1990లో నాసాలో రాయ్ స్పెన్సర్, అమెరికాలోని అలబామా విశ్వవిద్యాలయంలో జాన్ క్రిస్టీ, ఇద్దరూ కలిసి 1979 నుంచి వచ్చిన మైక్రోవేవ్ కొలతలను వరసగా పేర్చారు. గాలి పెద్దగా వేడెక్కుతున్నట్టు కనిపించలేదు. వాతావరణ మార్పు మోడళ్లు మాత్రం వేడెక్కాలి అన్నాయి. మోడళ్లే తప్పు అని చాలామంది ఏళ్ల తరబడి వాదించారు. 1998లో ఫ్రాంక్ వెంట్జ్, మథియాస్ షాబెల్ ఒక సంగతి పట్టుకున్నారు. ఆ ఉపగ్రహాలు ఏళ్లు గడిచేకొద్దీ కొంచెం కొంచెం కిందికి దిగుతున్నాయి. చూసే కోణం మారుతోంది. లెక్కలో అది గాలి చల్లబడినట్టు తేలుతోంది. తర్వాత 2005లో కార్ల్ మియర్స్, వెంట్జ్ ఇంకొకటి పట్టుకున్నారు. ఉపగ్రహం ఒక చోటి మీదికి వచ్చే వేళ ఏళ్ల తరబడి జరుగుతూ పోతుంది. మిట్టమధ్యాహ్నం కొలిచేది సాయంత్రం కొలిస్తే వేడి తగ్గినట్టే ఉంటుంది కదా. దానికి చేసిన సవరణ తిరగబడింది, కలపాల్సింది తీసేశారు. స్పెన్సర్, క్రిస్టీ ఆ తప్పు ఒప్పుకుని లెక్క సరిదిద్దారు. సరిదిద్దిన లెక్కలో గాలి వేడెక్కుతూనే ఉంది. ఎంత అన్న దాని మీద ఇప్పటికీ వేర్వేరు బృందాల మధ్య తేడాలున్నాయి. వేడెక్కుతోందా లేదా అన్న దాని మీద మాత్రం లేవు.

కొలత మోడల్‌ను సరిదిద్దుతుంది. ఒక్కోసారి మోడల్ కొలతను అనుమానిస్తుంది. ఆ అనుమానం కూడా మంచిదే.

ఈ సాధనాలు చేయలేనివీ ఉన్నాయి. సముద్రం మైక్రోవేవ్‌లో చల్లగా కనిపిస్తుంది. దాని మీద తేమ, మబ్బు స్పష్టంగా తెలుస్తాయి. నేల అలా కాదు. పొడి నేల ఒకలా, తడి మడి ఒకలా, అడవి ఒకలా పలుకుతాయి. ఆ గోలలో దగ్గరి గాలి మాట వేరు చేయడం కష్టం. ఇలాంటి పరిమితుల వల్లే తుఫాను ఎటు వస్తుందో కొన్ని రోజుల ముందే చెప్పగలిగిన వాళ్లు కూడా, ఎల్లుండి సాయంత్రం ఫలానా మండలంలో కుండపోత అని చెప్పలేరు. అలా మండలం పేరు పెట్టి వారం ముందే చెప్పే వీడియోలు మీ ఫోనులోకి వస్తుంటాయి. వాటిని నమ్మకండి.

ఇంకో చిక్కు మన ఫోన్ల వల్లే వస్తోంది. నీటి ఆవిరి 183 దగ్గరే కాదు, 23.8 గిగాహెర్ట్జ్ దగ్గర కూడా సన్నగా పలుకుతుంది. ఆ ఫ్రీక్వెన్సీని మనం మార్చుకోలేం. అది నీటి స్వభావం. దాని పక్కనే, 24.25 గిగాహెర్ట్జ్ నుంచి, 5జీకి చోటిచ్చారు. పక్కింటి మైకు గోలలో మనింట్లో గుసగుస వినిపించదు కదా. ఈ సంగతి 2019లో ఈజిప్టులోని షర్మ్ ఎల్ షేక్‌లో దేశాలన్నీ కూర్చుని చర్చించాయి. 5జీ సంకేతం పక్కకు ఎంత చిందవచ్చో హద్దు పెట్టాయి. 2027 సెప్టెంబరు నుంచి ఆ హద్దు ఇంకా బిగుస్తుంది. అది చాలదని వాతావరణ శాస్త్రవేత్తలు అప్పుడే అన్నారు. మన దేశంలో కూడా 2022లో ఆ 26 గిగాహెర్ట్జ్ బ్యాండు వేలం వేశారు. ఇంటర్నెట్ వేగం వద్దని ఎవరూ అనరు. వాన కబురు వినే ఆ సన్నటి సందును మూసేయకూడదని మాత్రం నా అభిప్రాయం.

చివరిగా శ్రోతలకు ఒక మనవి. తుఫాను సమయంలో వాతావరణ శాఖ మూడు గంటలకోసారి బులెటిన్ ఇస్తుంది. పొద్దున ఒక ఊరి పేరు చెప్పి, సాయంత్రానికి అరవై కిలోమీటర్లు అవతలి ఊరి పేరు చెబితే, వీళ్లకేం తెలీదని నవ్వకండి. కొత్త కబురు వచ్చింది, లెక్క సరిదిద్దారు. అంతకు మించి ఏమీ లేదు. నిన్నటి బులెటిన్‌ను వాట్సాప్‌లో ఇవాళ పంపకండి. ఎవరైనా పంపితే, అది ఏ తేదీది, ఎన్ని గంటలది అని ముందు చూడండి. వేటకు వెళ్లాలన్నా, కోసిన వరిపనలు కుప్ప వేయాలన్నా, చివరగా వచ్చిన బులెటిన్‌నే పట్టించుకోండి.